కోతులు మాత్రమే విన్న సన్నాయి

ఆ రోజు పొద్దున కీర్తిప్రియ వేసుకున్న పథకం చాలా చిన్నది. నానమ్మ తోటలో కోత కూలీలకు టిఫిను పట్టుకుని వెళ్తుంది. అమ్మా నాన్నా అప్పటికే మామిడికాయల లోడుతో నూజివీడు మార్కెట్టుకు వెళ్ళిపోయి ఉంటారు. ఇంట్లో తను, తాతయ్య, తాతయ్య సన్నాయి మిగులుతారు. తలుపులు వేసేసుకుని తాతయ్య కాసేపు బిలహరి రాగం వాయిస్తే, తను ఫోన్లో వీడియో తీసి మధ్యాహ్నం పన్నెండు లోపల పంపేస్తుంది. నానమ్మ తిరిగొచ్చేసరికి సన్నాయి సంచిలోకి, సంచి మంచం కిందకి చేరిపోతాయి. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ వీడియో పంపాల్సింది నూజివీడులో ఒక సంగీత సంఘానికి. బతుకుతెరువు కోసం కాకుండా కేవలం ఇష్టం కొద్దీ జీవితమంతా ఒక వాయిద్యాన్ని అంటిపెట్టుకున్న వాళ్ళ కోసం సంఘం వెతుకుతోంది. నచ్చినవాళ్ళను వేదిక ఎక్కించి వాయించమంటారట. ఆ ప్రకటన ఫోన్లో కనపడగానే కీర్తిప్రియ మారు ఆలోచన లేకుండా తాతయ్య పేరు రాసి పంపేసింది. పంపాక ఫోనును దిండు కింద దాచేసింది. అది వేరే సంగతి. పదహారేళ్ళ ఆ పిల్లకు క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలదు.

తాతయ్య బసవపున్నారావు గారంటే ఆగిరిపల్లి చుట్టుపక్కల రసాల మామిడి పండించే రైతుగా అందరికీ తెలుసు. కుర్రతనంలో ఆయన తోట కాపలాకని ఇంట్లో చెప్పి, ఆ ప్రాంతం పెళ్ళిళ్ళన్నిటికీ సన్నాయి వాయించే రాములు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. రాములు పోయి చాలాకాలమైంది. తాతయ్య మాత్రం సన్నాయిని ఒక్క రోజు వదల్లేదు. అయితే ఇంట్లో వాయించకూడదని నానమ్మ తులసమ్మ కాపురానికొచ్చిన కొత్తలోనే తేల్చి చెప్పింది. "శుభకార్యం లేకుండా ఇంట్లో సన్నాయి మోగితే ఊరు ఊరుకోదండీ. వాయించాలనుకుంటే తోటలో చెట్లకు వినిపించండి" అంది.

ఆయన అలాగే చేశాడు. నలభై ఏళ్ళుగా ఆ సంగీతమంతా తోటలో మోటారు షెడ్డులోనే సాగింది. దూరంనుంచి ఆ చప్పుడు విన్న ఊరివాళ్ళు, పెద్దాయన కోతుల్ని బెదరగొట్టడానికి ఊదుతున్నాడని అనుకున్నారు. కోతులకు సన్నాయి బాగా పనిచేస్తుందా, డబ్బా కొట్టడం బాగా పనిచేస్తుందా అని కొందరు రైతులు సలహా కూడా అడిగారు. "డబ్బాయే మేలయ్యా" అని చెప్పి తాతయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు. నిజానికి ఆ కోతులు ఎప్పుడూ బెదరలేదు. షెడ్డు పక్క చెట్టు మీద బుద్ధిగా కూర్చుని వినేవి. మధ్యమధ్యలో రసాలు తినేవి.

ఆ కోతులకు తెలిసి మనుషులకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కీర్తిప్రియ కూడా సన్నాయి వాయిస్తుంది. వేసవి సెలవుల్లో తాతయ్యతో తోటకు వెళ్ళి, వెళ్ళి, నేర్చుకుంది. కాకపోతే అవతల ఏ కూలీ అడుగుల చప్పుడైనా వినిపిస్తే చాలు, ఊపిరి అక్కడికక్కడే ఆగిపోయేది. "ఊపిరి నీది కదమ్మా. ఎదురుగా ఎవరుంటే దానికేంటి?" అనేవాడు తాతయ్య. ఆ మాట ఆమెకు అర్థమయ్యేది. ఊపిరికి అర్థమయ్యేది కాదు.

ఆ షెడ్డులో తాతయ్యకున్న ఫిర్యాదు ఒక్కటే. నానమ్మ తెచ్చే క్యారేజీ ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది. "ఇంటి నుంచి ఇక్కడికి నడిచేసరికి మంచు కడుతుందేమిటే నీ పప్పు?" అని ఆయన ఏనాడూ అనకుండా ఉండలేదు. నానమ్మ ఏనాడూ బదులు చెప్పలేదు.

ఈ వారం షెడ్డు నిండా కోసిన కాయలు. బయట ట్రాక్టరు మోత, కూలీల కేకలు. నిన్న అక్కడ తీసిన వీడియోలో బిలహరి మంచి పాకంలో పడే చోట "ఒరేయ్, ఆ కొమ్మ వంచరా, నా మొహం ఏం చూస్తావ్!" అని వినపడింది. అందుకే ఇవాళ ఇంట్లో.

నానమ్మ గేటు దాటగానే తాతయ్య పోయినేడాది కట్టించుకున్న పళ్ళ సెట్టును గట్టిగా బిగించుకున్నాడు. సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే పీకను నీళ్ళతో తడిపాడు. కీర్తిప్రియ ఫోనును ఖాళీ మామిడి ట్రేల మీద నిలబెట్టి, శ్రుతి పెట్టె మోగించింది. తాతయ్య కళ్ళు మూసుకుని సన్నాయి ఎత్తాడు. తలుపులు వేసి ఉన్నాయి. అయితే సన్నాయికి తలుపులంటే లెక్కలేదన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

బిలహరి ఇంకా కిందిస్థాయిలో నడుస్తుండగానే తలుపు దబదబా మోగింది. ఎదురింటి కామేశ్వరి. చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం, చంకలో కొబ్బరికాయ.

"ఏమే కీర్తీ, సన్నాయి మోగుతోంది! వైశాఖం, ముహూర్తాలు కూడా గట్టిగా ఉన్నాయి. ఏంటే విశేషం? ఎవరికే?"

కీర్తిప్రియ తల వంచేసింది. చెవుల దాకా ఎర్రబడి, చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. ఎవరు ఏమడిగినా ఆ పిల్ల చేసే పని అదే. కానీ సన్నాయి మోగుతున్న ఇంట్లో, పదహారేళ్ళ పిల్ల, తల వంచుకుని చున్నీ మెలేస్తుంటే దానికి మన ప్రాంతంలో వేరే అర్థం ఉంది.

"ఓహో! ఓణీలా!" అంది కామేశ్వరి చంకలో కొబ్బరికాయ జారిపోతుంటే పట్టుకుంటూ. "చూశావా మీ నానమ్మ, పొద్దున్నే ఎదురుపడి కూడా ఒక్క ముక్క చెప్పలా! ఆగు, నేను చూసుకుంటా!"

కీర్తిప్రియ నోట్లోంచి "కాదండీ" అనే మాట బయటికొచ్చేసరికి కామేశ్వరి వీధి మలుపు తిరిగిపోయింది.

"పోయిందా?" అన్నాడు లోపల్నుంచి తాతయ్య. "అయితే మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటా."

రెండోసారి బిలహరి కాస్త పైకి వెళ్ళింది. అది పై షడ్జం అందుకోబోతుండగా వాకిట్లో ఇనుప గొట్టాలు ధనధనా పడ్డాయి. తలుపు తీస్తే టెంటుహౌసు సువర్ణరాజు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక మినీవ్యాను, అందులో షామియానా, కుర్చీలు, మైకుసెట్టు.

"పెద్దయ్యగారూ, నాకు మనసు కష్టమైందండి" అన్నాడు. "మీ అబ్బాయి పెళ్ళికి టెంటు ఎవరేశారండి? మా నాన్న. మనవరాలి బారసాలకెవరేశారండి? నేను. ఇవాళ ఓణీలకు నాకు కబురు లేదంటే ఏం అనుకోవాలండి? పక్కూరి టెంటు చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదయ్యా. ఇక్కడ ఫంక్షనే లేదు" అన్నాడు తాతయ్య.

సువర్ణరాజు ఆయన చేతిలోని సన్నాయి వైపు చూశాడు. ఆ పక్కన తలొంచుకున్న కీర్తిప్రియ వైపు చూశాడు. ఆమె వెనక మామిడి ట్రేల మీద నిలబెట్టిన ఫోను వైపు కూడా చూశాడు.

"వీడియో కూడా తీయిస్తూ ఫంక్షను లేదంటారేంటండి? దిష్టని దాస్తున్నారు, అంతేగా? దాచుకోండి. నేను మాత్రం టెంటు వేసే పోతా. మీరు అడక్కపోతే నా మర్యాద నాకుండదా?"

పనివాళ్ళు గుంటలు తవ్వడం మొదలుపెట్టారు. ఆ పలుగుల చప్పుడు ఆగేదాకా వాయించి లాభం లేదని తాతయ్య అరుగు మీద కూర్చున్నాడు. కీర్తిప్రియ గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిది దాటింది.

అక్కడ తోట దారిలో నానమ్మ పరిస్థితి ఇంతకంటే బాగాలేదు. ఎదురైన ప్రతి ఆడమనిషీ ఆపి అడుగుతోంది. మొదటావిడకు "అబ్బే, ఏం లేదమ్మా" అంది. ఆవిడ కన్ను గీటి "అర్థమైందిలే అత్తా" అంది. రెండో ఆవిడకు "నిజంగా ఏమీ లేదే తల్లీ, ఒట్టు" అంది. ఒట్టు కూడా వేసిందంటే గట్టి ఫంక్షనే అని ఆవిడ వెళ్ళి నలుగురికి చెప్పింది. మూడో ఆవిడతో నానమ్మ ఏమీ అనకుండా ముందుకు నడిచింది. అది అన్నిటికన్నా బలమైన సాక్ష్యమైపోయింది.

ఇంటి మలుపు తిరిగేసరికి షామియానా సగం లేచింది. కామేశ్వరి మరో నలుగురు ఆడవాళ్ళతో వరండాలో కత్తిపీటలు వేసి పచ్చిమామిడికాయలు తరుగుతోంది.

"ఇదేంటే?"

"మామిడికాయ పులిహోరకు అత్తా. నువ్వు చెప్పకపోతే మాత్రం మేం చెయ్యమా? నీకూ నాకూ మధ్య మొహమాటమేంటి?"

నానమ్మ తిన్నగా లోపలికి వెళ్ళి తాతయ్య ఎదుట నిలబడింది. "నలభై ఏళ్ళ నుంచి చెప్తున్నా" అంది. తాతయ్య సన్నాయిని వెనక్కి దాచుకున్నాడు. అది ఆయన వీపుకన్నా పొడుగ్గా ఉంది.

కీర్తిప్రియకు ఏడుపొచ్చింది. "నానమ్మా, తప్పంతా నాదే. తాతయ్య పేరు పంపింది నేనే. పన్నెండు లోపల వీడియో పంపాలి. ఒక్కసారి, ఒక్కసారి ఎవరైనా కూర్చుని తాతయ్య వాయించేది వినాలని..." అంది. ఆ పిల్ల ఒకేసారి అన్ని మాటలు మాట్లాడగా నానమ్మ ఎప్పుడూ వినలేదు. కోపం కాస్త తగ్గింది.

"సర్లే, ఏడవకు. నేను బయటికెళ్ళి, టెంటు విప్పించి, అందరికీ మజ్జిగిచ్చి పంపించేస్తా. తర్వాత మీ ఇష్టం" అని కొంగు దోపుకుని బయటికి నడిచింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది. అందులోంచి చింతలపూడి నారాయణరావు దిగాడు.

నారాయణరావు నానమ్మకు సొంత అన్నగారు. చాలా ఏళ్ళుగా ఈ గడప తొక్కలేదు. కారణం ఒక మామిడిపళ్ళ బుట్ట. ఏదో ఏడాది నానమ్మ పుట్టింటికి చిన్నరసాల బుట్ట పంపింది. పైవరసలో రసాలే ఉన్నాయి. కింద వరసలో పులుపు నాటుకాయలున్నాయి. బుట్ట కట్టిన కూలీ పొరపాటది. అయినా "నా చెల్లెలు నాకు పైపై ప్రేమ చూపించింది" అని నారాయణరావు అలిగాడు. కామేశ్వరి పొద్దున ఫోను చేసి "మేనకోడలి కొడుకు కూతురు ఓణీలకు రాకుండా ఉంటారా బాబాయిగారూ!" అనేదాకా ఆ అలక అలాగే ఉంది. ఆ వరస ఎక్కడో తప్పింది. కానీ ఫోను పెట్టేసిన నారాయణరావుకు వరసలు సరిచూసుకునే తీరిక లేదు.

ఆయన చేతిలో ఇత్తడి పళ్ళెం. అందులో మామిడాకు రంగు పట్టులంగా, పసుపు రంగు ఓణీ, పూలు, పళ్ళకు అంటుకునే బెల్లం పాకం పట్టిన నువ్వుల జీడి ఒక డబ్బా.

"తులసీ" అన్నాడు. "నువ్వు పిలవలేదు. పిలవవని తెలుసు. అయినా పుట్టింటి బట్టలు లేకుండా నీ మనవరాలు పీట మీద కూర్చుంటే నేను బతికుండి ఎందుకే? దారిలో నూజివీడులో షాపు తీయించి మరీ తెచ్చా."

వాకిట్లో అందరూ నానమ్మ మొహం చూస్తున్నారు. కత్తిపీటలు ఆగిపోయాయి. సువర్ణరాజు గుంజ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పుట్టింటివాళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చిన బట్టలను ఫంక్షను లేదని తిప్పి పంపిన ఆడపడుచు ఈ జిల్లాలో ఇంతవరకు లేదు.

నానమ్మ దోపుకున్న కొంగు విప్పి సర్దుకుంది. తర్వాత రెండు చేతులూ చాపి పళ్ళెం అందుకుంది.

"ఎంత మాటన్నావ్ అన్నయ్యా! నీకు చెప్పకుండా చేస్తానా? ఓణీలే. పదకొండున్నరకు ముహూర్తం. లోపలికి రా."

తలుపు సందులోంచి ఇది విన్న తాతయ్య, కీర్తిప్రియ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ తర్వాత జరిగినవి కీర్తిప్రియకు ఒక వరసలో గుర్తులేవు. ఎవరో తల దువ్వారు. ఎవరో పూలజడ వేశారు. మార్కెట్టులో ఉన్న అమ్మా నాన్నలకు చేసిన ఫోను కలవలేదు. లంగా కాస్త పొడుగైతే కామేశ్వరి పిన్నులతో కుదించింది. సువర్ణరాజు మైకులో "హలో, హలో, మైక్ టెస్టింగ్, బసవపున్నారావు గారి మనవరాలి ఓణీల వేడుకకు బంధుమిత్రులందరికీ ఆహ్వానం" అని తన సొంత బాధ్యత మీద ప్రకటించాడు. పక్క ఊళ్ళకు కూడా ఆ గొంతు వినపడింది. తోటలో కూలీలు కోత ఆపేసి వచ్చారు. రోడ్డు మీద వెళ్తున్న బండ్లు ఆగాయి. పులిహోరకు ఇంకా మామిడికాయలు కావాలంటే ట్రాక్టరు మీద వచ్చాయి.

ఈ లోపల నారాయణరావు బావగారిని కౌగిలించుకుని "ఇన్నేళ్ళ పులుపు ఇవాళ పోవాలి బావగారూ, నోరు తెరవండి" అంటూ పెద్ద నువ్వుల జీడి ముక్క నోట్లో కుక్కేశాడు. తాతయ్య చేత్తో వద్దని సైగలు చేస్తూనే ఉన్నాడు. జీడి పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి పట్టుకుంది. చాలాసేపటికి వదిలింది గానీ, బిగించిన పళ్ళ సెట్టు పట్టు కూడా వదిలింది.

కీర్తిప్రియను పీట మీద కూర్చోబెట్టారు. టెంటు కింద కుర్చీలు నిండి జనం గోడల మీదకూ ఎక్కారు. అప్పుడు నారాయణరావు చుట్టూ చూసి పెద్దగా అడిగాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, సన్నాయి మేళం వాళ్ళేరి?"

జనం కూడా చుట్టూ చూశారు. పొద్దుట్నుంచీ అందరినీ ఇక్కడికి రప్పించింది ఆ సన్నాయే. తీరా చూస్తే మేళగాళ్ళు లేరు, డోలు లేదు.

"వాయించింది మా ఆయన" అంది నానమ్మ.

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "కోతుల సన్నాయా?" అన్నారు వెనకనుంచి. నవ్వు ఒక వరసనుంచి ఇంకో వరసకు పాకి గోడల మీదివాళ్ళ దాకా వెళ్ళింది. "ఇంకేం, ఊళ్ళో కోతులన్నీ పరార్!" అన్నారు ఇంకెవరో.

తాతయ్య కూడా నవ్వాడు. కానీ సన్నాయిని మెల్లగా సంచిలో పెట్టబోవడం కీర్తిప్రియ చూసింది. లోపల్నుంచి పీట దగ్గరికి తెచ్చి పెట్టుకున్న ట్రేల మీద ఫోను సిద్ధంగా ఉంది. టైము పదకొండు నలభై.

ఆమె ఏదో అనాలని నోరు తెరిచింది. వచ్చింది నానమ్మ గొంతు.

"నవ్వడం అయిపోయిందా?" అంది నానమ్మ మైకు అందుకుని. "పులిహోర తాలింపు ఇంకా వెయ్యలా. ఆయన వాయించడం అయ్యేదాకా వెయ్యను. ఆకలైనవాళ్ళు నోర్మూసుకుని వినండి." తర్వాత తాతయ్య వైపు తిరిగి మెల్లగా "కూర్చోండి. వాయించండి" అంది.

నలభై ఏళ్ళలో ఆవిడ నోటి నుంచి ఆయన విన్న మొదటి 'వాయించండి' అది. తాతయ్య కూర్చున్నాడు. "పొద్దుటి రాగాన్ని మిట్టమధ్యాహ్నం వాయిస్తున్నా, రాములు క్షమించుగాక" అని గొణిగి సన్నాయి ఎత్తాడు. కీర్తిప్రియ పీట మీంచి చెయ్యి చాపి ఫోను మీట నొక్కింది.

బిలహరి మొదలైంది. మొదట్లో ఇంకా అక్కడక్కడా నవ్వులున్నాయి. రాగం నాలుగు మెట్లు ఎక్కేసరికి అవి తగ్గాయి. ఇంకో నాలుగు మెట్లకు కుర్చీల కిర్రు కూడా ఆగింది. ఆ సన్నాయిలో పెళ్ళిళ్ళ హడావుడి లేదు. తెల్లవారుజామున తోటలో మంచు ఆకుల మీంచి జారుతున్నట్టు నింపాదిగా ఉంది. ఎవరి మెప్పుకోసమూ నేర్చుకోని మనిషి, ఎవరికీ భయపడకుండా, తనకు నచ్చిన చోట ఆగుతూ నచ్చిన చోట సాగుతూ వాయిస్తే ఎలా ఉంటుందో ఆ ఊరు మొదటిసారి వింది. కామేశ్వరి చేతిలో తాంబూలం పళ్ళెం ఒరిగిపోయి వక్కలు కింద రాలుతున్నా ఆవిడ చూసుకోలేదు.

తాతయ్య బుగ్గలు నింపి పై షడ్జం అందుకున్నాడు. అందుకుని దాన్ని అలాగే నిలిపాడు. నిలిపి, నిలిపి, సన్నాయిని నోటినుంచి తీయబోయేసరికి దానితోపాటు పై పళ్ళ వరస మొత్తం బయటికొచ్చి పీకకు వేలాడింది.

ముందు వరసలో ఒక పిల్లాడు "పళ్ళూ!" అన్నాడు. అణచుకున్న నవ్వంతా ఒక్కసారి బద్దలు కాబోయింది.

తాతయ్య కంగారు పడలేదు. పళ్ళను తువ్వాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇంకో పీక బిగించి, సన్నాయిని మనవరాలి ఒళ్ళో పెట్టాడు. "నువ్వూ" అన్నాడు. పళ్ళు లేకపోవడం వల్ల ఆ మాట గాలిలా వచ్చింది.

కీర్తిప్రియ ఎదురుగా చూసింది. ఊరంతా ఉంది. ఊపిరి ఎప్పటిలాగే ఆగిపోయింది. ఆమె ఇంతవరకు తాతయ్య ముందూ కోతుల ముందూ తప్ప ఎవరి ముందూ వాయించలేదు. తాతయ్య పక్కనే ఉన్నాడు. ఇక కోతులే తక్కువ. ఆమె మళ్ళీ జనం వైపు చూసింది. సువర్ణరాజు గుంజకు వేలాడుతూ తొంగి చూస్తున్నాడు. గోడ మీద వరసగా కూర్చున్నవాళ్ళు రసాలు చీకుతున్నారు. నారాయణరావు వీపు గోక్కుంటున్నాడు. ఆట్టే కష్టపడకుండానే ఆమెకు వాళ్ళంతా కోతుల్లా కనిపించారు.

ఆమె సన్నాయి ఎత్తింది. తాతయ్య ఆపిన పై షడ్జం దగ్గరే అందుకుంది.

పైకి వచ్చిన నవ్వు ఎవరి గొంతులో వాళ్ళకే ఉండిపోయింది. తల వంచుకుని తప్ప నడవని పిల్ల తల ఎత్తి వాయిస్తోంది. తాతయ్య ఖాళీ మామిడి ట్రేను బోర్లించి దానిమీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తాళం మాత్రం తప్పలేదు.

సరిగ్గా ఆ సమయానికి కీర్తిప్రియ అమ్మా నాన్నా, లలితా కృష్ణకాంతూ, నూజివీడు నుంచి బండి మీద వచ్చారు. బండి మోతలో సన్నాయి వినపడలేదు గానీ, దూరంనుంచి ఇంటి ముందు షామియానా, ఇంత జనం, అందరూ మౌనంగా కూర్చుని ఉండటం కనపడింది. పొద్దున ఇల్లు వదిలినప్పుడు ఏ ఫంక్షనూ లేదు. చెప్పాపెట్టకుండా టెంటు లేచిందంటే కృష్ణకాంత్‌కు ఒక్కటే తోచింది. బండి స్టాండైనా వెయ్యకుండా జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఎదురుగా తండ్రి. కళ్ళు మూసుకుని, బుగ్గలు లోపలికి పోయి, గోడకు ఒరిగి ఉన్నాడు.

"నాన్నా!" అని గొల్లుమన్నాడు.

తాతయ్య ఒక కన్ను తెరిచాడు. "ష్! పిల్ల వాయిస్తోంది" అన్నాడు.

కృష్ణకాంత్ అప్పుడు చూశాడు. పీట మీద పసుపు ఓణీలో తన కూతురు. చేతిలో సన్నాయి. ఉన్నచోటే నేల మీద చతికిలబడ్డాడు. పక్కన లలిత, ఆ పట్టులంగా ఎక్కడిదో, ఈ జనం ఎందుకో, ఏదీ అడగకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది.

బిలహరి దిగి దిగి షడ్జం మీద వాలి ఆగింది. ముందు చప్పట్లు కొట్టింది, కోతుల సన్నాయా అన్న మనిషే.

కీర్తిప్రియకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోను లాక్కుని, పట్టులంగా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, సిగ్నలు బాగా అందే డాబా మీదకు మెట్లెక్కి పరిగెత్తింది. వీడియో సగం వెళ్ళి ఆగింది. ఆమె ఫోనును ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంది. కింద జనమంతా మెడలెత్తి చూస్తున్నారు. "వెళ్ళిందా?" అని సువర్ణరాజు మైకులో అడిగాడు. "వెళ్ళింది!" అని ఆమె పైనుంచి అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదన్నది ఊరికి ఆ రోజు తెలిసిన రెండో సంగతి.

తాలింపు పడింది. భోజనాల దగ్గర తాతయ్యకు మెత్తగా కలిపిన పులిహోర పెడుతూ నానమ్మ అంది. "అందరూ పై షడ్జానికే చప్పట్లు కొట్టారు గానీ, దిగేటప్పుడు ఆ నిషాదం దగ్గర మీరెప్పుడూ తొందరపడతారు. పిల్ల పడలేదు."

తాతయ్య ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. "నీకెలా తెలుసే?"

"ఎలా తెలుసేంటి? రోజూ క్యారేజీ పట్టుకుని మీరు ఆపేదాకా గట్టు మీద నిలబడితే తెలియదా? పప్పు చల్లారిందని నన్నంటారు!"

తాతయ్య ఆ పూట పళ్ళు లేకుండానే రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు.

మర్నాడు సంగీత సంఘం నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, ఒక చిన్న సందేహమండి. వీడియోలో బసవపున్నారావు గారంటే ఎవరండి? పళ్ళూడినాయనా, ఓణీలో ఉన్న అమ్మాయా?" అని అడిగారు. కీర్తిప్రియ బదులు వెతుక్కునేలోపే నానమ్మ ఫోను లాక్కుంది. "ఇద్దరూనండి. ఒకరిని పిలిస్తే రెండోవారు రారు. నేను కూడా వస్తా, ముందు వరసలో కుర్చీ వేయించండి" అని పెట్టేసింది.

తులసమ్మ అంతటితో ఆగలేదు. ఇక తోటలో దాక్కుని వాయించే పని లేదని, డాబా మీద తాతామనవరాళ్ళకు సాధన గది కట్టించింది. దాని గృహప్రవేశానికి ఈసారి ఊరందరికీ పేరుపేరునా చెప్పి, నిజం మేళాన్ని పిలిపించి, సువర్ణరాజుతో మర్యాదగా టెంటు వేయించి, ఊరికంతా సరిపడా పులిహోర కలిపించింది.

ముహూర్తానికి సన్నాయి ఊరంతా వినపడింది. టెంటు కిందకు ఒక్కరూ రాలేదు. మోగుతున్నది మేళం కాదు, పెద్దాయన సాధనేనని, అది అయ్యాకే వద్దామని అందరూ ఇళ్ళల్లోనే కూర్చున్నారు.